రాత్రి డ్యూటీకి ఒప్పుకున్న ఇల్లాలు

"వాడి ఊపిరి ఇంకా ఆడుతూనే ఉందే తల్లీ! అప్పుడే ఇస్త్రీ బట్టలు వేసుకుని ఉద్యోగానికి బయల్దేరావా? ఇంకాస్త ఓపిక పట్టలేకపోయావా!"

అత్తగారి మాట వంటగదిలోంచి బాణంలా వచ్చి తగిలింది. కోడలి చేతిలోని దువ్వెన అలాగే ఆగిపోయింది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. జవాబు చెబుదామని నోరు తెరిచింది... కానీ ఏం చెప్పాలి? ఆ పెద్దావిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది గనక! గోడవతల మంచం మీద ఉన్నది కట్టుకున్న భర్త. "ఇక ఇంటికి తీసుకెళ్ళండమ్మా, నొప్పి తెలియకుండా చూసుకోండి" అని డాక్టర్లు చేతులెత్తేసి పంపిన మనిషి. అలాంటి మనిషిని వదిలి, తల దువ్వుకుని, చెప్పులు తుడుచుకుని, నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటూ వీధిలోకి నడిచే ఆడదాన్ని లోకం ఏమంటుంది? అత్తగారు అన్నదే అంటుంది!

"అమ్మా!" పక్కగదిలోంచి పిలుపు వినిపించింది. ఆయన బస్సు డ్రైవరు. ఒకప్పుడు ముందు సీట్లోంచి ఒక్క కేక వేస్తే మెట్ల మీద వేలాడే కుర్రాళ్ళంతా కిక్కురుమనకుండా లోపలికి జరిగేవారు. ఇప్పుడా గొంతు గుమ్మం దాటి రావడానికే ఆయాసపడుతోంది. "దాన్నేమీ అనకమ్మా. పంపిస్తున్నది నేను."

"నువ్వు పంపితే మాత్రం, వెళ్ళే మనిషికి కాళ్ళెలా ఆడుతున్నాయిరా నాయనా!" అంటూ ఆవిడ పొయ్యి ముందే కూలబడి, మోకాళ్ళ మీద తల ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నిజానికి ఆ ఇల్లాలికి ఉద్యోగం కొత్త కాదు. పెళ్ళినాటికే ఆమె నర్సు. ఆయనది పొద్దుటి బండి అయితే ఆమెది రాత్రి వార్డు. ఆమె డ్యూటీ దిగి వస్తుంటే ఆయన డ్యూటీ ఎక్కడానికి పోతూ, మెట్ల మీద ఎదురుపడి తాళంచెవి చేతులు మార్చుకునేవారు. "మనది కాపురమా, బస్టాండా?" అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు కొన్నాళ్ళే. ఆడపిల్ల పుట్టింది. రాత్రిపూట తల్లి కోసం పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే అత్తగారు సణిగింది, ఆయనా విసుగుపడ్డాడు. "మానేయ్. నా జీతంతో గడవకపోదు. రాత్రిపూట నువ్వు లేని ఇల్లు ఇల్లులా ఉండదు" అన్నాడు. ఆమె మారుమాట్లాడకుండా మానేసింది. తెల్ల దుస్తులు చింపి పిల్లకి పొత్తిగుడ్డలు చేసింది. ఆ చింపుతున్నప్పుడు మనసులో ఏం చిరిగిందో ఎవరూ అడగలేదు... ఆమె చెప్పనూ లేదు!

ఆ పిల్లే ఇప్పుడు పదో తరగతి. ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉంటుందని నాన్న పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. కిందటి వారం ఆ పిచ్చుక నాన్న కాళ్ళు పడుతూ పడుతూ, "నాన్నా, నేను బడి మానేసి బట్టలకొట్లో చేరతాను. మా స్నేహితురాలి అక్కని అడిగాను, రమ్మన్నారు" అని మెల్లగా చెప్పింది. కడుపులో గడ్డ కాలేయానికి పాకిందని డాక్టరు చెప్పినప్పుడు చెక్కుచెదరని మనిషి, ఆ మాటకి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడే భార్యని పిలిచి, పెద్దాస్పత్రిలో నర్సుల్ని తీసుకుంటున్నారట, వెళ్ళి కనుక్కోమని పట్టుబట్టాడు.

ఆమె చెప్పులు వేసుకుని, పోయొస్తానని చెప్పడానికి మంచం దగ్గరికి వచ్చింది.

"కూర్చో" అన్నాడాయన. "నేను మేట్రన్ని. నువ్వు ఉద్యోగానికి వచ్చావు. ఏం సిస్టర్, సూది పట్టి ఎన్నాళ్ళయింది?"

ఏడుపులోనే ఆమెకి నవ్వొచ్చింది. "నిన్ననే పట్టానండీ. మా ఇంట్లో ఒక మొండి పేషెంటు ఉన్నాడు."

"మొండివాడా? మంచి అందగాడని విన్నానే!"

"అది ఆయన పుట్టించిన పుకారండీ."

ఆయన నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కున్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "సరే సిస్టర్... రాత్రి డ్యూటీ చేయగలరా?" అన్నాడు.

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. తలవంచుకుని దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయింది.

"అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. చెప్పు."

"చెప్పలేనండీ..."

"వచ్చే నెల నుంచి చేస్తానని చెప్పు. అప్పటికి నేను ఎలాగూ..."

ఆమె గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అయ్యో! ఏం మాటలండీ అవి! మీరు ఎప్పుడు పోతారో లెక్కకట్టి, ఆ రోజు నుంచి నాకు తీరిక అని పరాయివాళ్ళ ముందు కూర్చుని చెప్పమంటారా? నా నాలుక అలా తిరుగుతుందా!"

ఆయన ఆ చేతిని తీసి, తన గుండె మీద పెట్టుకున్నాడు. చెయ్యి పెడితే ఎముకలే తగిలే గుండె అది. "డ్యూటీ దిగే డ్రైవరు ఏం చేస్తాడో తెలుసా? ఎక్కేవాడు వచ్చాడా అని చూసుకుంటాడు. వాడు రాకపోతే, ఎంత అలిసిపోయినా జనంతో నిండిన బండిని నడిరోడ్డు మీద వదిలి పోలేడు. నన్ను నిశ్చింతగా దిగనివ్వు... ఆనాడు నిన్ను మాన్పించిందీ నేనేగా. ఆ దోషం నాతో తీసుకుపోలేను. వెళ్ళు."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది.

ఆస్పత్రి వరండాలో వరుసగా కుర్చీలు. కూర్చున్నవాళ్ళంతా నిన్నమొన్న చదువు పూర్తిచేసిన పిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి జరిగి చోటిస్తూ, "కూర్చోండి ఆంటీ, మీ అమ్మాయి కోసం వచ్చారా?" అంది. ఆమె చిన్నగా నవ్వి, "నా కోసమేనమ్మా" అంది. ఆ పిల్ల నాలుక కరుచుకుంది. ఫినాయిల్ వాసన, తోపుడు బల్లల చక్రాల కీచుశబ్దం, ఎక్కడో బెడ్‌పాన్ జారిపడిన చప్పుడు... ఒకప్పుడు ఇవన్నీ తన ఇల్లులా ఉండేవి! ఆ వాసనకి ఒంట్లో ఏదో పాత ప్రాణం లేచి కూర్చున్నట్టయింది. వెంటనే మంచం మీది మనిషి గుర్తొచ్చాడు. సంతోషించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

లోపల బల్లకి అవతల మేట్రన్, పక్కన ఆఫీసు చూసుకునే మేనేజరు. మేట్రన్ జుట్టు ముగ్గుబుట్ట, చూపు మాత్రం సూది మొన. సెలైన్ ఎక్కుతుండగా చెయ్యి వాస్తే ముందు ఏం చేస్తావు, ఒళ్ళు పుళ్ళు పడకుండా ఏం జాగ్రత్త తీసుకుంటావు అని అడిగింది. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఎలా తడుముకుంటుంది? రోజూ తన చేతులతో చేస్తున్న పనే కదా!

"బాగుంది" అంది మేట్రన్. "ఇక్కడ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మూడు షిఫ్టులు. అందరూ అన్నీ చేయాలి. కానీ ప్రస్తుతం నాకు కావలసింది రాత్రికి మనుషులు. కొత్తగా చేరినవాళ్ళు మొదట వరుసగా రాత్రులే చేయాల్సి ఉంటుంది. చేయగలరా?"

"పగలు ఎన్ని గంటలైనా చేస్తానండీ. ఆదివారాలు వస్తాను. పండగ సెలవులు అడగను. రాత్రి మాత్రం... ఇప్పుడు కుదరదండీ."

"ఇప్పుడు కుదరదంటే? ఎప్పట్నుంచి కుదురుతుంది?" మేనేజరు కలం తీశాడు. "ఒక తేదీ చెప్పండి. రాసుకుంటాను."

వచ్చే నెల... ఆ రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అంటే అయిపోతుంది! భర్త నేర్పి పంపిన మాటే!

"ఆ తేదీ నాకు తెలియదండీ" అంది చివరికి. "తెలిసినా నా నోటితో చెప్పలేను... మా ఆయన ఇంట్లో ఉన్నారు. ఉన్నన్నాళ్ళూ రాత్రిపూట ఆయన్ని ఒత్తిగిలించి పడుకోబెట్టాలి, నొప్పి మందు పొయ్యాలి. ఆ తరవాత మీరు ఏ రాత్రి రమ్మన్నా వస్తాను. ఆ తరవాత నాకు రాత్రిపూట ఇంట్లో పనేం ఉంటుందండీ..."

మేనేజరు కలం నెమ్మదిగా కింద పెట్టేశాడు. మేట్రన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఓదార్చలేదు. ఇలా అంది: "మీలాంటి చెయ్యి నాకు కావాలమ్మా. కానీ మీకు పగలు ఇస్తే మీ రాత్రి ఇంకొకరి నెత్తిన పడుతుంది. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, చంటిపిల్లలున్నారు. నా తల్లి పోయిన పూట నేను ఆపరేషన్ గదిలో ఉన్నాను. ఈ ఉద్యోగం అలాంటిది. ఊళ్ళోవాళ్ళ పక్కన నిలబెడుతుంది, మనవాళ్ళ పక్కన నిలబడనివ్వదు. తెలిసి వస్తానంటే రండి. రేపటిదాకా ఆగుతాను."

ఆమె దణ్ణం పెట్టి బయటికి వచ్చింది. ఎండలో నడుస్తుంటే కళ్ళకి దారి కనపడలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆయన మెలకువగానే ఉన్నాడు. ముఖం వెలిగించుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ ముఖం చూసి ఆమెకి నిజం చెప్పబుద్ధి కాలేదు. "వచ్చిందండీ! పగటి షిఫ్టే ఇచ్చారు. సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేస్తాను" అంది గబగబా, మందు సీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగి.

"ఓహో... ఏ డిపోలోనూ కొత్తవాడికి పగటి బండి ఇవ్వరే! మీ ఆస్పత్రివాళ్ళు మరీ ధర్మప్రభువుల్లా ఉన్నారు."

ఆమె భుజాలు కుంగిపోయాయి. ఇక ఆపుకోలేక మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "నేను చెప్పలేకపోయానండీ! మీరు నేర్పిన మాట నా నోట రాలేదు. రాత్రికి రానని చెప్పేశాను. క్షమించండి..."

"వస్తానని చెప్పు."

ఆ మాట అన్నది ఆయన కాదు. ఇద్దరూ తలెత్తి చూశారు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నువ్వు అటు వెళ్ళాక వీడికి నొప్పి ఎక్కువయిందే అమ్మాయ్. ఏ సీసాలోది పొయ్యాలో నాకు తెలియదు, ఎంత పొయ్యాలో తెలియదు. నా కడుపున పుట్టినవాడు నా కళ్ళెదుట గిలగిల్లాడుతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను... నొప్పి తగ్గాక వీడేమన్నాడో తెలుసా? 'అమ్మా, దీనికి మందుంది. నేను పోయాక మీ ముగ్గురూ ఎలా బతుకుతారో తెలియకుండా పోతే, ఆ నొప్పికి మాత్రం మందు లేదు' అన్నాడే!" ఆవిడ వచ్చి కోడలి పక్కనే నేల మీద చతికిలబడింది. "పొద్దున నానా మాటా అన్నాను. ఈ నోరు పడిపోనూ! వీణ్ణి మోసి, కని, పెంచినదాన్ని. నాలుగు రాత్రులు మేలుకుని కూర్చోలేనా? నాకు చదువు లేకపోతే మాత్రం చేతులు లేవా? ఎలా ఒత్తిగిలించాలో, మందు ఎంత పొయ్యాలో నేర్పు. నువ్వు డ్యూటీకి వెళ్ళు."

"అత్తయ్యా!" అంటూ కోడలు ఆవిడని వాటేసుకుంది. అత్తాకోడళ్ళయిన ఇన్నేళ్ళలో ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చింది అదే మొదటిసారి. మంచం మీది మనిషి ఆ ఇద్దరినీ చూస్తూ, "ఏడిస్తే ఏడిచారు గానీ, ఎవరో ఒకరు నాకు మంచినీళ్ళివ్వండర్రా" అన్నాడు.

మర్నాడు ఆమె మేట్రన్‌కి ఫోన్ చేసి, రాత్రికి వస్తానని చెప్పింది.

అత్తగారు మందు కొలిచే గిన్నె మీద మనవరాలి చేత ఎర్రగీత గీయించుకుంది. దిండు ఎక్కడ పెట్టాలి, మోకాలి కింద గుడ్డ ఎలా మడవాలి, అన్నీ పసిపిల్లలా అడిగి అడిగి నేర్చుకుంది. మొదట్లో ఒత్తిగిలించబోయి గుంజేసేది. "మెల్లగా అమ్మా, నేను బస్తాని కాను" అని కొడుకు వేళాకోళం చేసేవాడు. కోడలు పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, బట్టలు మార్చుకుని, ఆయన పక్కన కూర్చుని వార్డు కబుర్లు చెప్పేది. పళ్ళసెట్టు దాచుకుని మర్చిపోయి వార్డంతా గాలింపు పెట్టించిన తాతగారి గురించి, పురిటికొచ్చిన భార్య పక్కన తానే కళ్ళు తిరిగి పడిపోయిన మొగుడి గురించి... ఆయన కళ్ళు మూసుకునే నవ్వేవాడు. మధ్యలో ఆమె కునికిపాట్లు పడితే, ఆమె తల తన మంచం అంచుకి ఆనుకునేలా మెల్లగా సర్దేవాడు. అలా ఆ ఇంట్లో కొన్ని మంచిరోజులు గడిచాయి. చావు గుమ్మంలో కూర్చుని ఉన్న ఇంట్లో కూడా మంచిరోజులు ఉంటాయి కాబోలు!

ఒకనాడు పొద్దున ఆమె వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు పక్కింటివాళ్ళు నిలబడి ఉన్నారు. పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆ దారి ఇవ్వడంలోనే ఆమెకి అంతా తెలిసిపోయింది...

లోపల అత్తగారు మంచం మీద కూర్చుని, కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని జుట్టు నిమురుతోంది. పిచ్చుక నాన్న పాదాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది ఆ పిల్లకి.

"తెల్లవారకముందే పోయాడే అమ్మాయ్" అంది అత్తగారు. "నొప్పి పడలేదు. గీత దాకా పోశాను. నిద్రలో పోయినట్టే పోయాడు."

"నాకు ఫోన్ చేయలేదేం?" ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. మరుక్షణం ఇల్లు అదిరేలా అరిచింది. "నాకు ఫోన్ చేయలేదేం అత్తయ్యా! పరిగెత్తుకుని వచ్చేదాన్ని కదా! ఎవరెవరి చేతులో పట్టుకుని కూర్చున్నాను రాత్రంతా... నా మనిషి చెయ్యి మాత్రం పట్టుకోలేకపోయాను కదా!"

"పిచ్చుక ఫోన్ తీసింది. వాడే చెయ్యి ఊపి వద్దన్నాడు."

"ఆయన వద్దంటే మీరు మానేస్తారా!"

"మానేశాను" అంది ఆ తల్లి. తల దించుకోలేదు. "తప్పో ఒప్పో నాకు తెలియదు. నా కొడుకు నన్నడిగిన చివరి కోరిక అది. కాదనలేకపోయాను. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, జన్మంతా నాతో మాట్లాడకు... పడతాను."

ఆమె నేల మీద కుప్పకూలిపోయింది. తిట్టడానికి మాటలూ రాలేదు, క్షమించడానికి మనసూ రాలేదు.

అంతలో డ్రైవరుగారి అక్క గుండెలు బాదుకుంటూ లోపలికి వచ్చింది. తమ్ముడి మీద పడి ఏడ్చి ఏడ్చి, తలెత్తి చూసేసరికి ఎదురుగా డ్యూటీ బట్టల్లోనే ఉన్న మరదలు కనిపించింది. అంతే! "రాత్రి ఇంట్లో లేదట కదా! కట్టుకున్నవాడు ప్రాణం వదులుతుంటే ఊళ్ళోవాళ్ళకి మందులు పోస్తూ కూర్చుందట! ఇలాంటి ఆడదాన్ని ఎక్కడైనా చూశామా తల్లీ!" అంది, వచ్చినవాళ్ళందరూ వినేలా.

"నోరు మూసుకో!"

కేక వేసింది అత్తగారు. ఆవిడ కొడుకు తలని జాగ్రత్తగా దిండు మీదికి చేర్చి, లేచి వచ్చి కూతురి ఎదుట నిలబడింది. "ఆ మాట అందరికంటే ముందు అన్నదాన్ని నేనే. అన్నందుకు సిగ్గుతో చస్తున్నాను. నువ్వు మళ్ళీ ఆ మాట అన్నావంటే ఈ గుమ్మం తొక్కకు! నీ తమ్ముడు హాయిగా పోయాడంటే అది నా కోడలు నాకు నేర్పిన విద్య. నీ మేనకోడలు బడికి పోతోందంటే దాని తల్లి నిద్ర అమ్ముకున్నందుకు. దీన్ని డ్యూటీకి పంపింది నేను. అడగదలుచుకుంటే నన్నడుగు!"

అత్తగారు మళ్ళీ కోడలి దగ్గరికి వచ్చి కూర్చుంది. కోడలు తల ఎత్తకుండానే అడిగింది: "చివర్లో... ఏమైనా అన్నారా?"

"'ఇవాళ దానికి ఏ షిఫ్టమ్మా' అన్నాడు. రాత్రి డ్యూటీరా అన్నాను. 'సరే, పొద్దున్నే వచ్చేస్తుందిగా' అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అంతే."

అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. అత్తగారి ఒళ్ళో, ఇంకా ఆయన తల వెచ్చదనం పోని చోట, ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఆపమనలేదు.

కొన్నాళ్ళకి ఆమె తిరిగి డ్యూటీకి వెళ్ళింది. "పగటికి మార్చమంటారా?" అని మేట్రనే అడిగింది. పిచ్చుక బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండొచ్చని ఆమె రాత్రులే ఉంచమంది. వార్డులో ఎవరికైనా చివరి ఘడియలు దగ్గరపడ్డాయని తెలిస్తే, ఆ రోగి వద్దన్నా సరే, డాక్టరుతో ఒక మాట చెప్పి ఇంటివాళ్ళకి ఫోన్ చేసేస్తుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆమె భర్త మాటని, అత్తగారి మాటని, ఎవరి మాటనీ ఒప్పుకోదు. గుండెలో ఆ ముల్లు అలాగే ఉంది. ఉంటుంది.

ఆమె పగటిపూట పడుకునే గది వీధివైపు ఉంటుంది. అత్తగారు పనులన్నీ పక్కనపెట్టి ఆ కిటికీ కింద పీట వేసుకుని కూర్చుంటుంది. ఏ కూరగాయల బండివాడైనా కేక వేస్తూ వస్తే ఎదురెళ్ళి, పెదవుల మీద వేలు పెట్టి, "నెమ్మది నాయనా, నెమ్మది... మా కోడలు రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పడుకుంది" అంటుంది.